దూబగుంట పాఠం: పుస్తకంలోకి ఎలా వచ్చింది, ఎలా పోయింది

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, ఉదయగిరి నియోజకవర్గం కలిగిరి మండలంలో ఉన్న పల్లె దూబగుంట. ఆ ఊరి ఆడవాళ్ల పోరాటం 2007లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి రాజనీతిశాస్త్రం పుస్తకంలో పాఠ్యాంశమైంది. 2022లో ఆ అధ్యాయాన్నే తీసేశారు. పాఠ్యపుస్తకాల మీద అధికారం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత విద్యార్థులు దూరం వెళ్లనక్కర్లేదు.

వాచకం నుంచి ఉద్యమం

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. వయోజనుల కోసం తయారైన వాచకంలో 'సీతమ్మ కథ' ఉండేది. సారా వల్ల ఆడవాళ్లు పడే బాధలు, అంతా ఏకమై దుకాణం మూయించడం అందులోని విషయం. దూబగుంట ఆడవాళ్లు చదివి ఊరుకోలేదు, తమ ఊళ్లో సారా ఆపించారు. ముందు నిలిచినవాళ్లలో దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలను ఆడవాళ్లు సాగనివ్వలేదు.

ఈ ఉద్యమానికి బలం కూలిపనులు చేసుకునే దళిత, వెనుకబడిన కులాల ఆడవాళ్లు. వాళ్ల ఇళ్లలోని కూలి డబ్బులే సారా దుకాణం మీదుగా ఎక్సైజ్ రాబడిగా ఖజానాకు చేరేవి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఒక పాఠం ప్రభుత్వ ఆదాయాన్నే కదిలించగలదని దీంతో తేలింది.

కత్తెర ఎవరి చేతిలో?

2005 జాతీయ విద్యాప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన పన్నెండో తరగతి పుస్తకంలో ప్రజా ఉద్యమాల అధ్యాయం చేరింది. అందులో దళిత పాంథర్ల పక్కనే సారా వ్యతిరేక ఉద్యమమూ ఉంది. ఆ పుస్తకాలకు ముఖ్య సలహాదారులు సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్.

2012లో పదకొండో తరగతి పుస్తకంలోని అంబేద్కర్-నెహ్రూ కార్టూన్‌పై పార్లమెంటులో నిరసన వచ్చింది. రాజ్యాంగ రచన ఆలస్యంపై 1949లో శంకర్ గీసిన ఆ బొమ్మలో అంబేద్కర్ నత్త మీద కూర్చొని ఉంటాడు, వెనుక నెహ్రూ కొరడా పట్టుకొని ఉంటాడు. అప్పటి యూపీఏ ప్రభుత్వంలో మంత్రి కపిల్ సిబల్ దాన్ని తొలగిస్తామన్నారు. సలహాదారులిద్దరూ రాజీనామా చేశారు. తర్వాత సుఖదేవ్ థోరాట్ కమిటీ వేశారు. అందులో ఎం.ఎస్.ఎస్. పాండియన్ అసమ్మతి తెలిపారు.

ఆ బొమ్మపై అభ్యంతరం చెప్పే హక్కు దళితులకు ఉంది. అయితే కమిటీ కూర్చోకముందే మంత్రి నిర్ణయం ప్రకటించడం వేరే విషయం. ఈరోజు మన అభ్యంతరంతో కదిలిన కత్తెర రేపు మన చరిత్ర మీదే పడవచ్చు.

అలాగే పడింది కూడా. తిరువాంకూరులో పైబట్ట హక్కు కోసం నాడార్ ఆడవాళ్లు చేసిన పోరాటం ఉన్న తొమ్మిదో తరగతి అధ్యాయాన్ని 2019లో తొలగించారు. 2022లో 'హేతుబద్ధీకరణ' పేరుతో, కోవిడ్ తర్వాత పిల్లలపై భారం తగ్గించడానికని చెప్పి, దూబగుంట ఉన్న అధ్యాయాన్ని మొత్తంగా తీసేశారు. పదో తరగతిలో ప్రజా పోరాటాల అధ్యాయమూ పోయింది. 2023 జూన్‌లో పల్షీకర్, యాదవ్ ఆ పుస్తకాల నుంచి తమ పేర్లు తీసేయమని కోరారు.

మన బడులకు ఏం సంబంధం?

1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. రాష్ట్రానికి సొంత పుస్తకాలు రాయించుకునే అధికారం ఇప్పటికీ ఉంది. కానీ ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి నుంచి మొదలుపెట్టి, 2024-25లో పదో తరగతి వరకు ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యప్రణాళికను తీసుకుంది. అప్పటికే అక్కడ కోతలు పూర్తయ్యాయి. అందువల్ల ఢిల్లీలో పోయిన పేజీ ఉదయగిరి హైస్కూల్లోనూ ఉండదు. రాష్ట్రం అదనంగా చేరిస్తేనే ఉంటుంది.

చేయగలిగినవి

- పాత, కొత్త ముద్రణలను పక్కపక్కన పెట్టి చూడాలి. తొలగించిన అంశాల జాబితాను ఎన్‌సీఈఆర్‌టీయే ప్రకటించింది.
- ఏ కమిటీ, ఏ కారణంతో తీసేసిందో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి.
- సారా ఉద్యమాన్ని స్థానిక చరిత్రగా చేర్చాలని రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీకి రాతపూర్వకంగా కోరాలి.
- ఉద్యమంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటలను, వాళ్ల అనుమతితో, ఇప్పుడే రికార్డు చేయాలి. అప్పట్లో ముప్పై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు.

మెట్టలో కూలి చేసుకునే ఆడవాళ్లు చదువు నేర్చుకొని ప్రభుత్వ విధానాన్ని మార్చారు. వాళ్ల మనవరాళ్లకు ఆ సంగతి బడిలో తెలియాలా వద్దా అన్నదే ఇక్కడ ప్రశ్న.