పదిహేడో తారీఖు, అనంత చతుర్దశి

సెప్టెంబరు 17 పొద్దున్నే రాజంపేటలో చాయ్ తాగి బండెక్కండి. కామారెడ్డి, ఎల్లారెడ్డి మీదుగా పిట్లం చేరి, అక్కడ నాందేడ్ రోడ్డు పట్టుకుంటే మధ్యాహ్నంలోపే జిల్లా చివరనున్న మద్నూర్ దాటేస్తారు. అవతల మహారాష్ట్ర. దెగ్లూర్‌లో ఆ రోజు ‘మరాఠ్వాడా ముక్తి సంగ్రామ్ దిన్’. అక్కణ్నుంచి దక్షిణానికి తిరిగి బీదర్ జిల్లా ఔరాద్ వైపు వెళితే కర్ణాటక. అక్కడ అదే రోజు ‘కళ్యాణ కర్ణాటక ఉత్సవం’. మళ్లీ మన దిక్కు వస్తే రాష్ట్ర ప్రభుత్వం లెక్కలో అది ప్రజాపాలన దినోత్సవం, కేంద్రం లెక్కలో హైదరాబాద్ విమోచన దినం. 2023లో అయితే అది సమైక్యతా దినం. పార్టీల గద్దెల దగ్గర ఆగి అడిగితే ఒకరు విలీనమంటారు, ఒకరు విద్రోహమంటారు. ఒక్క ట్యాంకు పెట్రోలు, మూడు రాష్ట్రాలు, అరడజను పేర్లు. తారీఖు మాత్రం ఒక్కటే.

రాజంపేట అనగానే తాళ్లపాక అన్నమయ్య గుర్తొచ్చేవాళ్లకు ముందే ఒక మాట. అది కడప దిక్కు రాజంపేట. ఇది కామారెడ్డి రాజంపేట. 2016 దాకా భిక్కనూరు మండలంలో ఒక ఊరు, ఇప్పుడు తనే ఒక మండలం. అది మండలమైన రోజుకూ ఒక ముచ్చట ఉంది, చివర్లో చెప్తాను.

పత్రికల్లో ‘చరిత్రలో ఈ రోజు’ అని ఓ మూల వస్తుంటుంది. నాకు ఇష్టమైన మూల అది. అయితే అందులో సంఘటనలు బస్టాండులో ప్రయాణికుల్లా కూర్చుంటాయి. పక్కపక్కనే ఉంటాయి గాని ఒకరి ఊరు ఒకరికి తెలియదు. సెప్టెంబరు 17నే తీసుకోండి. 1787లో ఫిలడెల్ఫియాలో 39 మంది అమెరికా రాజ్యాంగం మీద సంతకాలు పెట్టారు. 1879లో ఈరోడ్‌లో పెరియార్ రామస్వామి పుట్టాడు. 1908లో ఓర్విల్ రైట్ నడుపుతున్న విమానం కూలి, పక్కన కూర్చున్న సైనికాధికారి సెల్ఫ్రిడ్జ్ చనిపోయాడు. ఇంజను విమానం ప్రమాదంలో పోయిన మొదటి ప్రాణం అతనిది. 1939లో జర్మనీ పడమటినుంచి నమిలేస్తున్న పోలండు మీదికి తూర్పునుంచి సోవియట్ సేనలు దిగాయి. ఈ నాలుగింటినీ ఒక వరసన పేర్చినంత మాత్రాన చుట్టరికం కలవదు. క్యాలెండరు కాగితం కలిపింది, అంతే.

కానీ 1948లో వచ్చిన సెప్టెంబరు 17 అలాంటిది కాదు. ఆ రోజు జరిగిన రెండు సంగతులకు నిజంగానే ఒక గది ఉమ్మడిగా ఉంది. ఆ గది ప్యారిస్‌లో ఉంది.

ముందు మన సంగతి. భారత ప్రభుత్వంతో నిజాం యథాతథ ఒప్పందం చేసుకున్నది 1947 నవంబరు 29న. ఆ తరువాతి పది నెలల్లో నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల ఆగడాలు ఊళ్లను ఊపిరాడనివ్వలేదు. ఆగస్టు 21 అర్ధరాత్రి వేళ హైదరాబాదులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపారు. అదే నెల 27న రజాకార్ల దాడిలో భైరాన్‌పల్లి ఊరు నెత్తురు మడుగైంది. అప్పటికి కామారెడ్డి, ఎల్లారెడ్డి నిజామాబాద్ జిల్లాలో తాలూకాలు. జిల్లా కేంద్రమైన ఇందూరు ఖిల్లా జైలులో దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి ఖైదీలుగా ఉన్నారు. దాశరథి ఆ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. సెప్టెంబరు 13 తెల్లవారుజామున షోలాపూర్ దిక్కునుంచి జనరల్ చౌధురి దళాలు సరిహద్దు దాటాయి. మన జనం నోట ‘పోలీసు యాక్షన్’, సైన్యం కాగితాల్లో ‘ఆపరేషన్ పోలో’. అయిదో రోజుకు, అంటే 17 నాటికి, నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. ఆ సాయంత్రం దక్కన్ రేడియోలో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గొంతు వినిపించింది. కాల్పులు ఆపమన్నాడు, రజాకార్ల సంస్థను నిషేధించానన్నాడు, ఐక్యరాజ్య సమితిలో పెట్టిన ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నానన్నాడు.

ఆ ఫిర్యాదు దగ్గర ఆగాలి. ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి మొర పెట్టుకుంది. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో ఒక బృందం, మండలి అప్పుడు కూర్చున్న ప్యారిస్‌కు వెళ్లింది. సెప్టెంబరు 16న మండలి హైదరాబాదు ప్రశ్నను చర్చకు తీసుకుంది. భారతదేశం తరఫున రామస్వామి మొదలియార్ మాట్లాడాడు. తరువాతి వాయిదా 20న. ఈలోపే ఇక్కడ కథ ముగిసింది.

సరిగ్గా 17 సాయంత్రమే జెరూసలేంలో ఒక కారును ఆపి కాల్చారు. లోపల ఉన్నవాడు స్వీడన్ రాజకుటుంబీకుడు కౌంట్ ఫోల్కే బెర్నడోట్. రెండో ప్రపంచ యుద్ధం ఆఖరి రోజుల్లో తెల్ల బస్సులు పంపి నాజీ శిబిరాలనుంచి వేలమందిని బయటికి తెచ్చిన మనిషి. అరబ్బులకూ యూదులకూ మధ్య రాజీ కుదర్చడానికి సమితి పంపిన మధ్యవర్తి. ముందు రోజే తన నివేదిక మీద సంతకం పెట్టాడు. ‘లేహి’ అనే యూదు సాయుధ ముఠా అతణ్నీ, పక్కనున్న ఫ్రెంచి కల్నల్ ఆంద్రె సెరోనూ చంపేసింది. 18న భద్రతా మండలి కూర్చున్నది ఆ హత్యను ఖండించడానికే. అంటే 16న హైదరాబాదు ఫైలు విప్పిన బల్ల మీదే 18న బెర్నడోట్ మరణవార్త ఉంది. సమితి అప్పటికి మూడేళ్ల పసిది. మూడు రోజుల వ్యవధిలో ఒక రాజ్యం దాని చేతికి అందకముందే కలిసిపోయింది, దాని దూత ప్రాణం నడిరోడ్డు మీద పోయింది.

బెర్నడోట్ పని అందుకుని అరబ్బులకూ యూదులకూ మధ్య సంధులు కుదిర్చిన రాల్ఫ్ బంచ్‌కు ఆ పుణ్యాన 1950లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. బెర్నడోట్ హత్య జరిగిన ముప్ఫై ఏళ్లకు, 1978 సెప్టెంబరు 17నే, ఈజిప్టు అధ్యక్షుడు సాదత్, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్ క్యాంప్ డేవిడ్ ఒప్పందాల మీద సంతకాలు చేశారు. ఈ తేదీని ఎవరైనా ఎంచి పెట్టారా అంటే, లేదు. పదమూడు రోజులు సాగిన బేరం ఆ రోజుకు తెగింది, అంతే. అయినా చదివినవాడికి ఒళ్లు జలదరిస్తుంది.

మనకు మాత్రం 17తో అంతా అయిపోలేదు. నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయింది 18న. నిజాం గద్దె దిగలేదు. 1949 నవంబరులో భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ ఫర్మానా ఇచ్చి, 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్‌గా కొనసాగాడు. తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా నడిచింది. మొన్న రజాకార్లను చూసి అడవి పట్టిన రైతు, నిన్నటి విమోచకుల తుపాకీని చూసి మళ్లీ అడవి పట్టాడు. ఇక మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో యాక్షన్ తరువాతి వారాల్లో అమాయక ముస్లింల మీద జరిగిన హింస వేరే కథ. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ 27 వేలనుంచి 40 వేలమంది పోయారని అంచనా కట్టింది. ఎక్కువ నష్టపోయిన జిల్లాల్లో మన పొరుగున ఉన్న నాందేడ్, బీదర్ ఉన్నాయి. పొద్దున మన బండి దాటిన సరిహద్దుకు అవతలివే.

ఒక్క రోజుకు ఇన్ని పేర్లు ఎందుకంటే, అందరి బతుకూ ఆ ఒక్క సాయంత్రం ఒక్క తీరుగా మారలేదు గనక. విమోచన అన్నవాడి మాట అబద్ధం కాదు, రజాకారు గుర్రం ఊళ్లోకి రాని తెల్లవారుజాము ఎట్లాంటిదో అతనికే తెలుసు. విద్రోహం అన్నవాడి మాటా గాలి మాట కాదు. నన్నడిగితే, ప్రభుత్వాలు మారినప్పుడల్లా దినానికి కొత్త పేరు పెట్టడంకన్నా, ఆ రోజు ఏ తాలూకాలో ఏం జరిగిందో నాలుగు పుటలు రాసి బడిపిల్లల చేతికివ్వడం మేలు.

ఇంతకీ ఆ రోజు రాజంపేట దిక్కు రైతు దాన్ని సెప్టెంబరు 17 అనుకున్నాడా? అనుకోడు. పట్వారీ దఫ్తరులో అది ఫసలీ 1357. నిజాం రాజ్యంలో సర్కారీ నెలల పేర్లు ఆజూర్, దై, బహమన్ అంటూ పారసీలో సాగేవి. మసీదులో అది హిజ్రీ 1367, జుల్ ఖాద నెల, శుక్రవారం, జుమ్మా. ఇంట్లో అది సర్వధారి నామ సంవత్సరం, భాద్రపద శుద్ధ చతుర్దశి. అంటే అనంత చతుర్దశి. నోము పట్టిన ఇళ్లలో పద్నాలుగు ముళ్ల తోరం కట్టుకున్న రోజు. ఇంకో పదిహేను రోజుల్లో ఎంగిలిపూల బతుకమ్మ. విశ్వబ్రాహ్మణులు మాత్రం సూర్యుడి లెక్కన పోయి ఇంచుమించు ఏటా ఇదే తారీఖున విశ్వకర్మ యజ్ఞం చేసుకుంటారు. ముసలివాళ్లయితే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి, “పోలీసు యాక్షనయిన రెండేండ్లకు పుట్టిండు” అని తేల్చేసేవారు. జననాల రిజిస్టరు లేని ఊళ్లో అంతకన్నా గట్టి క్యాలెండరు లేదు.

తారీఖును మరీ నమ్మకూడదనడానికి మరో రెండు సాక్ష్యాలు. అక్టోబరు విప్లవాన్ని మన కమ్యూనిస్టులు నవంబరు 7న జరుపుకుంటారు. అప్పటి రష్యా పాత క్యాలెండరులో ఉంది మరి. బ్రిటన్ కొత్త క్యాలెండరుకు మారినప్పుడు 1752లో సెప్టెంబరు 2 మరునాడు 14 వచ్చింది. చౌధురి దళాలు కదిలిన 13వ తేదీ ఆ ఏడాది బ్రిటిష్ రాజ్యంలో లేనే లేదు.

తిథి, తేదీ ఎప్పటికీ ఎడమొహం పెడమొహంగానే ఉంటాయా అంటే, లేదు. పందొమ్మిదేళ్లకోసారి కలుస్తాయి. పందొమ్మిది సౌర సంవత్సరాలకు 235 చాంద్రమాసాలు దాదాపు సరిపోతాయి. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో ఏథెన్స్ ఖగోళ పండితుడు మెటన్ పేరు మీద ఈ లెక్క ప్రసిద్ధి. మన పంచాంగ కర్తలు ఇదే సంగతిని అధిక మాసాలతో సర్దుతారు. పందొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు. పన్నెండు పందొమ్మిదులు 228, ఏడు కలిపితే 235. ఒక్కోసారి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది గాని చక్రం తప్పదు.

1948కి పందొమ్మిది చొప్పున కలుపుతూ పోండి. 1967, 1986, 2005, 2024. 2005లో సెప్టెంబరు 17నే అనంత చతుర్దశి. 2024లోనూ అంతే. ఆ రోజు హైదరాబాదులో పొద్దున పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వ జెండా, పరేడ్ మైదానంలో కేంద్రం జెండా ఎగిరాయి. అదే రోజు హుస్సేన్‌సాగర్ దారులన్నీ నిమజ్జనానికి బారులు తీరిన వినాయకులతో నిండిపోయాయి. ట్రాఫిక్‌లో చిక్కుకున్నవాళ్లు విసుక్కున్నారు. నాకు మాత్రం నిజాం రేడియోలో మాట్లాడిన నాటి చంద్రుడే, నాలుగు చుట్లు తిరిగి, అదే తారీఖున అదే నిండుతనంతో నగరం మీదికి వచ్చాడని తోచింది. డెబ్బై ఆరేళ్లు.

ఇక రాజంపేట మండలం ముచ్చట. 2016 అక్టోబరు 11న తెలంగాణలో ఒక్కరోజే 21 కొత్త జిల్లాలు పుట్టి, మొత్తం 31 అయ్యాయి. నిజామాబాద్ నుంచి కామారెడ్డి విడిపోయింది. భిక్కనూరు నుంచి రాజంపేట విడిపోయింది. ఆ తేదీ జయప్రకాశ్ నారాయణ్ పుట్టినరోజు, అమితాబ్ బచ్చన్ పుట్టినరోజు కూడా. కానీ ప్రభుత్వం ఆ రోజును ఎంచుకున్నది వాళ్లిద్దరి కోసం కాదు, ఆ రోజు విజయదశమి గనక. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకునే పూట కొత్త జిల్లా మొదలైంది. మరి మండలం పుట్టినరోజు ఎప్పుడు చేయాలి, ఏటా అక్టోబరు 11నా, ఏటా దసరానాడా? దఫ్తరు లెక్కన ఒకటి, ఊరి లెక్కన ఇంకొకటి.

అక్టోబరు 11న దసరా అంతకుముందు 1978లో, 1997లో వచ్చింది. లెక్క ప్రకారం మళ్లీ 2035లో రావాలి. అప్పటికి మండలానికి పందొమ్మిదేళ్లు నిండుతాయి. ఆ ఏడాది ఉగాదికి పంచాంగం కొన్నప్పుడు ఆశ్వయుజ మాసం పేజీ తీసి చూసుకోండి.