కళాశాల శిక్షకులు - పత్రికాలేఖకులు : ఒక సరిహద్దు వివాదము

సరిహద్దు ప్రాంతమున ఒకే సంఘటనకు రెండు వృత్తాంతములు పుట్టుట బళ్ళారివారికి క్రొత్త గాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, మిగిలిన తాలూకాలు మైసూరునకును చేరినవి. ఆ విభజనను గూర్చి ఈవలివారు చెప్పుకొను కథ యొకటి, ఆవలివారిది మరియొకటి. ఆటల విషయమునను ఇట్టి ద్వైధము కలుగుననుటకు అమెరికాలో ఇరుగుపొరుగు రాష్ట్రములైన జార్జియా, అలబామాల మధ్య నడచిన వివాదము నిదర్శనము. నేడు మన తెలుగు కుటుంబము లెన్నియో నివసించుచున్న అట్లాంటా నగరమే దానికి రంగస్థలము.

అచ్చటి ఫుట్‌బాల్ మనమెరిగిన కాలిబంతి గాదు. బంతిని చేతబట్టి పరుగెత్తుట, ఎదిరిని దేహబలముతో పడద్రోయుట అందు ముఖ్యము. కళాశాల జట్టును తీర్చు శిక్షకుని స్థితిని మన వ్యాయామోపాధ్యాయుని స్థితితో పోల్చరాదు. గెలిచినవాడు రాష్ట్రమునకెల్ల ఆరాధ్యుడు; వరుసగా ఓడినవానికి ఉద్యోగమే నిలువదు. ఊరి పత్రికలో తన పేరుతో వ్రాయు క్రీడాలేఖకునికి శిక్షకుని మాట కావలెను. శిక్షకునికి ఆ లేఖకుని ప్రచారము కావలెను. కనుక వీరి నడుమ కలహము పుట్టినచో అది దాయాదుల పోరు వంటిది.

1961 నవంబరు 18వ తేదీన బర్మింగ్‌హామ్ మైదానమున అలబామా జట్టు జార్జియా టెక్ జట్టును 10-0తో ఓడించెను. ఆ ఆటలో అలబామా క్రీడాకారుడు డార్విన్ హోల్ట్ మోచేతి దెబ్బకు చిక్ గ్రానింగ్ అను యువకుని దవడ విరిగెను. ముందరి పండ్లు ఊడెను. నిర్ణేతలు దానిని తప్పుగా ప్రకటింపలేదు. హోల్ట్‌ను శిక్షింపవలెనని జార్జియా పక్షము కోరగా, అలబామా శిక్షకుడు పాల్ బ్రయంట్ అంగీకరింపలేదు. అట్లాంటా పత్రికలు భగ్గుమనినవి. బర్మింగ్‌హామ్ పత్రికలు తమ శిక్షకుని వెనుక నిలిచినవి. విరిగినది ఒక్క దవడయే. దాని కథలు మాత్రము సరిహద్దు కొకటిగా రెండైనవి!

అట్లాంటా జర్నల్ క్రీడాసంపాదకుడు ఫర్మన్ బిషర్ అంతటితో ఊరకుండలేదు. 1962 అక్టోబరు 20వ తేదీ సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ వారపత్రికలో, కళాశాల ఫుట్‌బాల్ వెఱ్ఱెత్తి పోవుచున్నదని ఒక వ్యాసము ప్రకటించి, క్రూరమైన ఆటను నేర్పువారిలో బ్రయంట్‌ను పేర్కొనెను. బ్రయంట్ 5 లక్షల డాలర్లకు పరువునష్టపు దావా వేసెను. భాష ఎంత కటువుగానున్నను, బిషర్ లేవనెత్తిన ప్రశ్న న్యాయమైనదే. గెలుపునకై విద్యార్థుల దేహములను ఎంతవరకు ఒడ్డవచ్చును?

ఆ ప్రశ్నను ముంచినది ప్రతిపక్షము గాదు; అదే వారపత్రిక. 1963 మార్చి 23వ తేదీ సంచికలో ఫ్రాంక్ గ్రాహం వ్రాసిన వేరొక వ్యాసమును అది ప్రకటించెను. జార్జియా విశ్వవిద్యాలయపు క్రీడాధ్యక్షుడును, పూర్వపు శిక్షకుడును అగు వాలీ బట్స్ తన జట్టు ఎత్తుగడలను బ్రయంట్‌కు టెలిఫోనులో అందించెననియు, అందుచేతనే 1962 సెప్టెంబరు 22న అలబామా 35-0తో గెలిచెననియు అందలి ఆరోపణ. ఆధారమేమన, తంత్రులు పొరపాటున కలియగా ఆ సంభాషణ చెవిని బడెనని అట్లాంటాకు చెందిన ఒక భీమా వ్యాపారి వ్రాసికొన్న కాగితములు. ప్రకటనకు పూర్వము పత్రికవారు ఆ కాగితములను చూడలేదు. ఆ సమయమున వ్యాపారి చెంత నుండెనని చెప్పబడిన మిత్రుని విచారింపలేదు. ఆట చలనచిత్రమును వేసి చూచినచో ఎత్తుగడలు బయటపడినవో లేదో తెలిసియుండెడిది. ఆ పనియు చేయలేదు. బడిపిల్లవాడు సైతము లెక్కను సరిచూచుకొని పలక చూపును గదా!

బట్స్ కోటి డాలర్లకు దావా వేసెను. 1963 ఆగస్టులో అట్లాంటాలో విచారణ జరుగగా బ్రయంట్ స్వయముగా సాక్ష్యమిచ్చెను. పరువునకు 60 వేలు, దండనగా 30 లక్షల డాలర్లు ఇవ్వవలెనని జ్యూరీ తీర్పు చెప్పెను. న్యాయమూర్తి ఆ మొత్తమును 4 లక్షల 60 వేలకు తగ్గించెను. జార్జియా జ్యూరీ అలబామా శిక్షకుని మాటకు విలువనిచ్చుట ఈ చరిత్రలో గమనింపదగిన అంశము. సాక్ష్యము ఎదుట నున్నపుడు సరిహద్దు కరిగిపోయినది.

ఇంతలో 1964 మార్చి 9న సుప్రీంకోర్టు, అలబామాలోనే పుట్టిన మరియొక వ్యాజ్యమున, ప్రభుత్వాధికారులపై చేయు విమర్శకు గొప్ప రక్షణ కల్పించెను. శిక్షకుడు ప్రభుత్వాధికారియా? కాకున్నను లోకప్రసిద్ధుడే గదా? ఈ సందేహముపై 1967 జూన్ 12న అదే న్యాయస్థానము నలుగురిపై అయిదుగురి మతముతో బట్స్ పక్షమున తీర్పు చెప్పెను. ప్రసిద్ధులపై వ్రాయు పత్రికలకు రక్షణ కలదనియు, పత్రికాధర్మమునుండి మిక్కిలి వైదొలగిన నిర్లక్ష్యమునకు మాత్రము అది చెల్లదనియు న్యాయమూర్తి హార్లాన్ అభిప్రాయము. పై లోపములే అందుకు ప్రమాణములైనవి.

1969లో ఆ వారపత్రిక మూతపడెను. అందుకు ఈ దావాలొక్కటే కారణమనుట అతిశయోక్తి. 1983లో బ్రయంట్ మరణించెను. బిషర్ 2009 వరకు అట్లాంటా పత్రికలో వ్రాయుచునేయుండెను. బ్రయంట్ వ్యాజ్యములు 3 లక్షల డాలర్ల రాజీతో 1964లోనే ముగియుటచే, గ్రానింగ్ దవడను గూర్చిన మొదటి ప్రశ్న విచారణకు రాకయే నిలిచిపోయినది.