ఫొటో వెనక రాత

మా చరిత్ర అనగానే అందరికీ గుర్తొచ్చేవి చార్మినార్, ఫలక్‌నుమా, నిజాం నగలు. లేదంటే రజాకార్లు. ఈ రెంటికీ సంబంధం లేకుండా బతికిన లక్షలమంది సాయిబులకీ ఒక చరిత్ర ఉంది. అది మా ఇళ్లల్లో అటకల మీది రేకు పెట్టెల్లో ఉంది. చెదలు తినగా మిగిలిన నిఖానామాలు, భూమి కాగితాలు, బడి సర్టిఫికెట్లు, మూలలు విరిగిన ఫొటోలు, ఎనభైల తర్వాతి షాదీ వీడియో క్యాసెట్లు. ఇప్పుడు మా పిల్లలు వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. సంతోషమే. అయితే ఎక్కించిన ప్రతిదానికీ ఒక పేరు పెట్టాలి గదా, పేచీ అంతా అక్కడే. ఏ సంవత్సరం వెయ్యాలి? ఏ లిపిలో రాయాలి? ఎవరి పేరు రాయాలి?

సంవత్సరం సంగతే చూడండి. హైదరాబాద్ సంస్థానంలో సర్కారీ కాగితాల మీద ఫస్లీ సంవత్సరం ఉండేది. అక్టోబర్ మొదట్లో ఆజర్ నెలతో మొదలయ్యేది. నిఖానామా మీద హిజ్రీ. ఫొటో వెనక ఒక్కోసారి ఈస్వీ, అంటే ఇంగ్లీషు సంవత్సరం. ఓ కాగితం మీద 1357 అని ఉందనుకోండి. అంకె పక్కన ‘ఫే’ అక్షరం ఉంటే అది 1947-48. ‘హే’ ఉంటే 1938-39. ఆ ఒక్క అక్షరం మీద సిరా చెరిగిపోతే పదేళ్లు తారుమారు. అవి మామూలు పదేళ్లు కావు. 1357 ఫస్లీ ఆఖరి నెలలో, 1948 సెప్టెంబర్ 13న, ఇండియా సైన్యం సంస్థానంలోకి వచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయిందని పాఠ్యపుస్తకాలు రాశాయి. మా వాళ్లకి అప్పుడే మొదలైంది. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ ఏడాది చివర్లో జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయారని అంచనా వేసింది. అందులో ఎక్కువభాగం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదిక మామూలు పాఠకుడి చేతికి రావడానికి 2013 దాకా పట్టింది.

సర్కారు తన కాగితాన్ని దాచుకుంది. మా వాళ్లు తమ కాగితాల్ని కాల్చుకున్నారు. ఖాకీ బట్టల్లో ఉన్న తమ్ముడి ఫొటో, ఎందుకిచ్చారో గుర్తులేని ఉర్దూ రసీదు, ఏది ఎవరి కంటబడితే ఏమవుతుందోనని పొయ్యిలో వేసేశామని పెద్దవాళ్లు చెప్పేవారు. కొందరు పూర్తిగా కాల్చలేక, గ్రూపు ఫొటోలోంచి ఒక్క మనిషినే కత్తెరతో తీసేశారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఆ కత్తిరింపుని చిటికెలో పూడ్చేస్తాయి. మనిషి లేనిచోట గోడ గీస్తాయి, అడిగితే ముఖం కూడా గీసిపెడతాయి. దయచేసి పూడ్చకండి. ఆ కత్తిరింపే 1948. ఎవరు తీశారో, ఎందుకు తీశారో రాసిపెట్టండి.

ఇక ఎవరి ఫొటోలు? ఆరో నిజాం దర్బారుకి రాజా దీన్‌దయాళ్ ఉండేవాడు. ఏనుగు అంబారీలూ, వేట డేరాలూ అద్భుతంగా తీశాడు. పత్తి ఏకే దూదేకులాయన్ని, గాజులమ్మే సాయిబుని పేరుపెట్టి ఎవరు తీశారు? మా ఊళ్లల్లో సైదులు, మస్తాన్, పెంటూసాబ్, నాగుల్‌మీరా అనే పేర్లవాళ్ల ఇళ్లల్లో ఉన్నది చాలాసార్లు ఒకటే ఫొటో, రేషన్ కార్డుదో, పీర్ల పండగదో. పీర్ల పండగ ఫొటోలో పీరునెత్తుకున్నవాడు యాదవులాయన, పక్కన ఊదు పట్టుకున్నవాడు మా ఫకీరు. జమాత్‌కి వెళ్లొచ్చిన కుర్రాడు దాన్ని ‘షిర్క్’ అని చెరిపెయ్యమంటాడు. మా సెక్యులర్ మిత్రుడేమో అదే ఫొటో కింద ‘మత సామరస్యం’ అని రాసి గోడకి పెడతాడు. ఆ ఇద్దరు మనుషుల పేర్లేమిటని ఇతడూ అడగడు, అతడూ అడగడు.

ఆడవాళ్ల సంగతి మరీ ఘోరం. పాత షాదీ రుఖాల్లో పెళ్లికూతురు ‘ఫలానావారి దుఖ్తర్’. ఫొటో వెనక ‘ఫలానావారి వాలిదా’. నానీల అసలు పేర్లు చెప్పగలిగే మనవళ్లు ఎంతమంది ఉన్నారు?

కాగితాల్లోకొస్తే పేరు ప్రాణం మీదికే వస్తుంది. బడిలో పంతులు ‘సైదులు’ అని రాశాడు. ఓటరు జాబితాలో ‘సయ్యద్’ అయ్యాడు. ఆధార్‌లో ‘షేక్ సైదా’. ఇదేదో నవ్వులాటగా ఉండేది. 2019 ఆగస్టులో అస్సాం ఎన్నార్సీ జాబితా వచ్చి, హిందువులూ ముస్లింలూ కలిపి 19 లక్షలమందికి పైగా బయట మిగిలాక ఇక నవ్వు రాలేదు. అక్కడ అక్షరం తేడాలకే ట్రిబ్యునళ్ల చుట్టూ తిరిగారు. అందుకే, ఫొటోనైతే కాస్త వెలుగు పెంచండి, మరక తుడవండి, మూలప్రతి విడిగా ఉంచుకుని. కాగితాన్ని మాత్రం ముట్టుకోవద్దు. చిరుగు, ముద్ర, స్టాంపు, వెనకవైపు, ఖాళీగా ఉన్నా సరే, అన్నీ స్కాన్ చెయ్యాలి. మూడు పేర్లూ ఒకే మనిషివని లేబుల్ మీద రాయాలి. దిద్ది ఒకటి చెయ్యకూడదు.

వ్యవధి కూడా పెద్దగా లేదు. కొత్త వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది. టేపులు బూజు పడుతున్నాయి. మేం పత్రికల్లో పాత ఇన్‌పేజ్‌లో కొట్టుకున్న ఉర్దూ ఫైళ్లే ఇవాళ చాలా కంప్యూటర్లకి అర్థం కావు, ఇక షికస్తా చేతిరాత ఎవరికి? మా పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. కనుక లేబుల్ రెండు లిపుల్లో ఉండాలి. ఉర్దూలో ఉన్నది ఉన్నట్టు, తెలుగులో అందరికీ తెలిసేట్టు. ఉర్దూ ఒక్కటే ముస్లింల భాష అనేవాళ్లకి ఇది నచ్చదు. నచ్చకపోతే పోనీండి, దూదేకుల ఇళ్లల్లో ఏ తరం ఉర్దూ చదివింది?

ఇంకా చదవగలిగిన, గుర్తుపట్టగలిగిన పెద్దవాళ్లు ఉన్న ఇళ్లల్లో ముందు ఫొటో చూపించి, ఫోన్‌లో మాటలు రికార్డు చెయ్యండి. ముందు వరసలో ఎడమనుంచి రెండో మనిషి ఎవరో దాదీ ఒక పేరు చెప్తుంది, ఖాలా ఇంకో పేరు చెప్తుంది, ఇద్దరూ పోట్లాడుకుంటారు. రెండు పేర్లూ రాయండి, ఏది ఎవరు చెప్పారో పక్కన వెయ్యండి.