శరీర బరువు అంచనా (అత్యవసర వైద్యం)

తూకం వేసే వ్యవధి లేనప్పుడు రోగి బరువును అంచనా కట్టే పద్ధతి. పిల్లల మందులు కిలోల లెక్కన ఇస్తారు గనుక ఇది ప్రాణాధారం. గుండె ఆగితే నరంలోకి ఇచ్చే అడ్రినలిన్ కిలోకు 0.01 మిల్లీగ్రాము.

పద్ధతులు: స్పృహలో ఉన్న పెద్దలు చెప్పే బరువు సాధారణంగా నమ్మదగినది. 1–6 ఏళ్ల పిల్లలకు వయసును రెట్టింపు చేసి 8 కలుపుతారు. నాలుగేళ్ల బిడ్డకు 16 కిలోలు. 1980లలో అమెరికాలో రూపొందిన బ్రోసెలో టేపు పొడవును బట్టి బరువు చెబుతుంది. మెర్సీ టేపు దండచేయి పొడవు, చుట్టుకొలతలను లెక్కలోకి తీసుకుంటుంది.

పరిమితులు: 10 కిలోలు దాటిన భారతీయ పిల్లల బరువును బ్రోసెలో టేపు ఎక్కువగా చూపుతుందని 2008 నాటి అధ్యయనం తేల్చింది. పోషకాహార లోపమున్న పిల్లల్లో ఇలా బరువును ఎక్కువగా అంచనా కట్టే ప్రమాదం ఎక్కువ.

రాయలసీమలో: మెట్టపల్లెల నుంచి 108 అంబులెన్సుల్లో కర్నూలు సర్వజన వైద్యశాలకు, కడప రిమ్స్‌కు వచ్చే కరువు సీమ పిల్లల విషయంలో టేపు చూపే బరువును జాగ్రత్తగా తీసుకోవడం తప్పనిసరి. పాముకాటు విరుగుడుకు మాత్రం బరువుతో పనిలేదు. పిల్లలకూ పెద్దలకూ మోతాదు ఒక్కటే. మిగతా మందులకు, బిడ్డ తాజా బరువు తల్లికి గుర్తుంటే అదే మేలైన ఆధారం.