చేపల తొట్టియు రసాయన శాస్త్రమును

ఇండ్లలో అలంకారమునకై నిలుపు చేపల తొట్టి ఒకప్పుడు రసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగపాత్ర. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనజ్ఞుడు గాజుతొట్టిలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచెను. మొక్క విడుచు ప్రాణవాయువుతో చేపలు బ్రదికినవి. కాని కుళ్లిన ఆకులు నీటిని చెడగొట్టినవి. అంతట నీటినత్తలను విడువగా, అవి కుళ్లును తినివేసినవి, నీరు తేటపడెను. ఈ వృత్తాంతమును 1850లో ఆయన లండను రసాయన సంఘమునకు నివేదించెను.

అయితే నీటిలో ప్రాణవాయువు ఎంత కలదో తెలుపు సులువైన కొలత అప్పటికి లేదు. ఆ లోటును 1888లో హంగేరీ దేశీయుడు లాయోష్ వింక్లర్ తీర్చెను. గాలిబుడగ లేకుండ సీసానిండ నీరు పట్టి, మాంగనీసు లవణమును, అయొడైడు కలిసిన క్షారమును వేయుదురు. ప్రాణవాయువున్నచో తెల్లని మడ్డి గోధుమవన్నెకు తిరుగును. లేనిచో తెల్లగనే నిలుచును. పిదప ఆమ్లము పోసినచో దానికి సరిపడు అయొడిను వెలువడును. అందు గంజి కలిపిన నీలిరంగు కలుగును. థయోసల్ఫేటు ద్రావణమును బ్యూరెట్టునుండి వదలగా, తుదకు ఒక్క చుక్కతో ఆ నీలిరంగు మాయమగును. అచట బ్యూరెట్టు చూపు అంకెయే లెక్కకు ఆధారము.

ఈ విద్య నేర్చుటకు కొల్లేటి సీమ మిక్కిలి తగినది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు మంచినీరు కొల్లేట చేరి ఉప్పుటేరు గుండ సముద్రమునకు పోవును. వేసవిలో నీరు తగ్గినపుడు ఉప్పునీరు ఎదురెక్కును. దానిని కొలుచుటకు 1856 నాటి మోర్ పద్ధతి చాలును: సిల్వర్ నైట్రేటు పోయుచుండగా, ఉప్పు తీరినంతనే క్రోమేటు సూచిక ఇటుకరంగు చూపును.

చేపల చెరువునకు వింక్లర్ కొలతయే ప్రాణము. సరస్సు గర్భములోని చెరువుగట్లను 2006లో ప్రభుత్వము పెక్కింటిని తొలగించినను, చుట్టుపట్ల చేపలసాగు నేటికిని సాగుచున్నది. పగలు నాచు ప్రాణవాయువు నిచ్చును. రాత్రి నాచును చేపలును దానినే పీల్చును. కావున తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గును. మబ్బుపట్టిన దినముల మరునాటి వేకువను చేపలు పైకి తేలి నోళ్లు తెరచుట రైతులెరుగుదురు, అప్పటికే ఆలస్యమగును.

అంశమాపనము మనవారికి క్రొత్త కాదు. వాల్తేరులో ఆచార్య జి. గోపాలరావు సోడియం వెనడేటుతో నూతన పద్ధతులను పెంపొందించెను. ఏలూరున 1945లో సర్ సి. ఆర్. రెడ్డి కళాశాలయు, తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థయు వెలసినవి. విద్యార్థి ఒక చెరువునీటిని మధ్యాహ్నమొక సీసాలో, వేకువ నొక సీసాలో పట్టవలెను. మందులు గట్టుమీదనే వేయవలెను. లేనిచో దారిలోనే లెక్క మారును. ఆ రెండంకెల నడుమ భేదము, ఒక రాత్రి చెరువు పీల్చిన ఊపిరి. చేపలు నోరు తెరువకముందే రైతును హెచ్చరించునది అదియే.