నాగలి కింద కనిపించని సంసారం



రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీపిండి తెల్లారేసరికి పొంగిందంటే, కంటికి కనపడని జీవులు అందులో పనిచేశాయన్నమాట. మట్టిలోనూ అలాంటి సంసారం ఒకటుంది. చెంచాడు మంచి మట్టిలో కోట్లకొద్దీ జీవులుంటాయి. ఆ సంసారాన్ని చెదరగొడితే ఏమవుతుందో అమెరికా కథ చెబుతుంది, వినండి.

అక్కడి నడిమి మైదానాల్లో వేల ఏళ్లుగా గడ్డి పెరిగింది. మొదటి ప్రపంచయుద్ధంతో గోధుమల ధర పెరిగింది. తరువాత ట్రాక్టర్లు వచ్చాయి. లక్షల ఎకరాల గడ్డినేల దున్నేశారు. దున్నితే మట్టిలోకి గాలి జొరబడుతుంది. బాక్టీరియా విజృంభించి, వేళ్లూ ఆకులూ కుళ్లగా తయారైన సారాన్ని గబగబా తినేస్తుంది. మొదట్లో పంట బాగానే పండుతుంది. కాని అది పోపులడబ్బాలో దాచుకున్న సొమ్ము తీసి ఖర్చుపెట్టడం లాంటిదే! పైగా మట్టిని అల్లి పట్టుకునే బూజుపోగులు నాగలికి తెగిపోతాయి.

1930ల్లో వానలు ముఖం చాటేశాయి. ఆ నేల పిండై గాలికి లేచింది. 1934 మే నెలలో ఆ ధూళి న్యూయార్క్ దాకా పోయింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి కమ్మింది. ఇల్లాళ్లు కిటికీలకు తడిదుప్పట్లు కట్టి, కంచాలు బోర్లించి ఉంచి, వడ్డించేటప్పుడే తిప్పేవారు. వేలాది కుటుంబాలు ఊళ్లు విడిచిపోయాయి.

1943లో ఎడ్వర్డ్ ఫాక్నర్ అనే ఆయన, నేలను తిరగేసి దున్నడమే తప్పంటూ పుస్తకం రాస్తే పెద్ద వాదోపవాదాలు జరిగాయి. ఆ బూజుపోగుల దగ్గరుండే జిగురుపదార్థాన్ని 1996లో కనిపెట్టింది ఒక స్త్రీ. ఆమె అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞురాలు సారా రైట్. దానికి గ్లోమాలిన్ అని పేరు. దున్నడం మానిన పొలాల్లో అది పెరుగుతుందనీ, మట్టి నీటికి చెదరకుండా నిలుస్తుందనీ ఆమె బృందం చూపించింది.

అయితే నాగలిని అటకెక్కిస్తే చాలునా? చాలదు. దున్నకపోతే కలుపు పెరుగుతుంది, దానికి మందులు చల్లాల్సి వస్తుంది. అందుకే ఎక్కడ, ఎంత దున్నాలో ఆలోచించుకోవాలి. మన కృష్ణాడెల్టాలో వరి కోతకు ముందే ఆ చేలో మినుములు చల్లుతారు. దున్నకుండానే, మిగిలిన తేమతో అవి మొలుస్తాయి. మీ ఇడ్లీలోని మినపప్పు అలా పండిందే కావచ్చు!

పొలం లేకపోతేనేం, మనకు పూలకుండీలున్నాయి కదా. ఇకమీదట ఆ మట్టిని ఊరికే కెలక్కండి. పైన నాలుగు ఎండుటాకులు కప్పండి. లోపలివాళ్ల పని వాళ్లు చేసుకుంటారు.