ట్వైన్

ట్వైన్ అనునది కథాప్రధానమైన చిన్న కంప్యూటరు ఆటలను తయారుచేయుటకు ఉపయోగపడే ఉచిత సాఫ్ట్‌వేరు. దీనిని అమెరికాకు చెందిన క్రిస్ క్లైమస్ 2009లో విడుదల చేశాడు. ఒంటరిగా పనిచేసే స్వతంత్ర రూపకర్తలు దీనిని విరివిగా వాడుతున్నారు.

పనిచేసే విధానం

కథను చిన్న భాగాలుగా వ్రాసి లింకులతో కలుపుతారు. తెరపై ప్రతి భాగము ఒక పెట్టెగాను, ప్రతి లింకు ఒక బాణము గుర్తుగాను కనిపిస్తాయి. ఉదాహరణకు, నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు మండలంలోని కోడూరు తీరాన ఒక జాలరి కథను ఊహించవచ్చు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున "వేటకు వెళ్ళు", "ఒడ్డున ఉండు" అనేవి రెండు లింకులు. పాఠకుడు ఎంచుకొన్నదానిని బట్టి కథ సాగుతుంది.

శాఖల సమస్య

ప్రతి మలుపులో రెండేసి దారులుంటే, పది మలుపులకు 1,024 దారులు ఏర్పడతాయి. ఇన్నింటిని ఒక్కరే వ్రాసి పూర్తిచేయడం దుస్సాధ్యం. అందువలన దారులను మరల ఒకచోట కలిపి, పాఠకుని నిర్ణయాన్ని మాత్రం చలరాశిలో భద్రపరుస్తారు. పై కథలో జాలరి వేటకు వెళ్ళినా, మానినా మరునాటి ఉదయం ఒకటే. కాని ఇంట్లోని బియ్యము, పడవ స్థితి, భార్య పలకరింపు వేరుగా ఉంటాయి.

ఎంపికను నిరాకరించడం కూడా కథనంలో భాగమే. జోయీ క్విన్ తదితరులు ట్వైన్‌తో రూపొందించి 2013లో విడుదల చేసిన డిప్రెషన్ క్వెస్ట్‌లో కొన్ని ఎంపికలు కొట్టివేసి కనిపిస్తాయి. కుంగుబాటుకు లోనైనవారి నిస్సహాయతను ఇవి తెలుపుతాయి.

తెలుగులో

పూర్తయిన ఆట ఒకే హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలుగా బ్రౌజరులో నడుస్తుంది. తెలుగు యూనికోడ్ ఫాంటు ఉన్న కంప్యూటరులో ఒత్తులు, గుణింతాలు సరిగా కనిపిస్తాయి. కథ వ్రాయగలవారు ప్రోగ్రామింగు నేర్వకుండానే పని ప్రారంభించవచ్చు.